షుగర్ ఉన్నవాళ్ల కంచం: బియ్యం కొలత నుంచి దావత్ దాకా

"షుగర్ వచ్చింది, అన్నం మానేసి జొన్న రొట్టె తింటున్నా, అయినా తగ్గుతలేదు." నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు చాలాసార్లు ఒక్కటే. గింజ మారింది, కొలత మారలేదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు కొలతకే ఇచ్చాం. ఏది తినాలన్నది దాని తర్వాత.

ఇది టైప్-2 షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం రాసింది. గర్భిణులు, టైప్-1 ఉన్న పిల్లలు, కిడ్నీ దెబ్బతిన్నదని డాక్టర్ చెప్పినవాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు పాటించవద్దు. వాళ్ల లెక్క వేరు, దాన్ని వాళ్ల డాక్టరే కట్టాలి.

1. మొదలుపెట్టే ముందు: గోలీల సంగతి

అన్నం తగ్గిస్తే షుగర్ తగ్గుతుంది. గోలీ మాత్రం పాత అన్నం లెక్కతోనే పనిచేస్తుంది. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్లకూ ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ ఇక్కడే ప్రమాదం. ఒక్కరోజులో అన్నం సగానికి కోస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ.

కాబట్టి ముందు ఈ పనులు:

- వాడే గోలీల పేర్లు, మోతాదు, వేళ ఒక కాగితం మీద రాసుకోండి.
- "అన్నం తగ్గించబోతున్నా, గోలీ తగ్గించాలా?" అని డాక్టర్‌ను సూటిగా అడగండి.
- గడిచిన మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించకపోతే చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు రక్త నమూనా పంపిస్తారు, పైసా ఖర్చు ఉండదు.
- గ్లూకోమీటర్ ఉంటే స్ట్రిప్పుల గడువు తేదీ చూడండి.

స్ట్రిప్పుల గురించి ఒక మాట. ఎండాకాలం నల్లగొండలో ఎండ 45 డిగ్రీల దగ్గరికి పోతుంది. రేకుల ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన స్ట్రిప్పు డబ్బా పాడై తప్పు అంకె చూపిస్తుంది. మూత గట్టిగా బిగించి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి మూల పెట్టండి. పరీక్ష ముందు చేతులు కడిగి తుడుచుకోండి. బత్తాయి వలిచిన వేలితో చూస్తే 130 ఉన్నది 200 పైన చూపించినా ఆశ్చర్యం లేదు.

2. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

మామూలుగా తినేదే తినండి, కానీ అంతా రాయండి. ఎన్ని గరిటెల అన్నం, ఎన్ని రొట్టెలు, ఎన్ని చాయలు, చాయలో ఎన్ని చెంచాల చక్కెర. దుకాణంలో నిలబడి నోట్లో వేసుకున్న మిర్చి బజ్జీ కూడా రాయాలి.

ఈ మూడు రోజుల్లో ఒక్క భోజనానికైనా జంట పరీక్ష చేయండి. తినబోయే ముందు ఒకటి, మొదటి బుక్క నోట్లో పెట్టిన 2 గంటలకు ఇంకొకటి. తిని లేచిన దగ్గర్నుంచి లెక్కపెట్టొద్దు.

మామూలుగా పెద్దవాళ్లకు పెట్టుకునే హద్దులు: తినే ముందు 80–130, తిన్న తర్వాత 180 లోపు. వయసు మళ్లినవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్ ఈ హద్దును కాస్త సడలిస్తారు. డెబ్బై ఐదేళ్ల తాతను 100కు తేవాలని ఇంటిల్లిపాదీ వెంటపడితే ఆయన పడిపోయి తుంటి విరగ్గొట్టుకునే ముప్పే ఎక్కువ.

3. మీ ఇంటి కొలగిన్నె తయారు చేసుకోండి

ఈ పని ఒక్కసారి చేస్తే ఏళ్లపాటు పనికొస్తుంది.

- కిరాణా దుకాణంలోనో ఇంట్లో చిన్న తక్కెడ మీదనో 50 గ్రాముల పచ్చి బియ్యం తూచి తీసుకోండి.
- వాటిని చిన్న గిన్నెలో విడిగా వండండి. కుక్కర్‌లో ఇంటి అన్నం పక్కన పెట్టినా సరిపోతుంది.
- ఉడికిన అన్నం సుమారు 130–150 గ్రాములు అవుతుంది. దాన్ని విడివిడిగా చేసి, ఒత్తకుండా, ఇంట్లో ఉన్న ఒక స్టీలు గిన్నెలో వేయండి.
- అన్నం ఎంతవరకు వచ్చిందో గిన్నె లోపలి వైపు మేకుతో చిన్న గీత గీయండి. ఇదే మీ కొలగిన్నె.

ఈ గిన్నెడు అన్నంలో పిండిపదార్థం 39 గ్రాముల దాకా ఉంటుంది. నీడపట్టున ఉండే మనిషికి పూటకు ఒక గిన్నె సరిపోతుంది. పొలం పనో కూలి పనో చేసేవాళ్లు ఒకటిన్నర దాకా పోవచ్చు. అంతకు మించాలా వద్దా అన్నది మీటర్ చెబుతుంది.

ఇప్పుడు పాత లెక్క చూడండి. పొలం పని ఉన్న ఇళ్లలో మధ్యాహ్నం కంచంలో పడే అన్నం పచ్చి బియ్యం లెక్కన 150 గ్రాములుండటం మామూలే. అంటే మూడు కొలగిన్నెలు, 115 గ్రాములకు పైగా పిండిపదార్థం, అదీ ఒక్క పూటకు.

రేషన్ మీద మనిషికి నెలకు 6 కిలోలు వస్తాయి. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన దగ్గర్నుంచి అవి సన్నబియ్యం. రోజుకు 200 గ్రాములు పడుతుంది. షుగర్ ఉన్న మనిషి వాటా మొత్తం ఆ మనిషి కంచంలోనే పడాలని లేదు. పూటకు 50 గ్రాముల చొప్పున రెండు పూటలకు 100 గ్రాములు. మిగతా వాటాకు బదులు కందిపప్పు, పెసర్లు, కూరగాయలు ఇంటికి రావాలి.

సన్నబియ్యం మృదువుగా ఉండి నమలకుండానే జారిపోతాయి, అందుకే తెలియకుండా ఎక్కువ తింటారు. నూకలైతే ఇంకా తొందరగా ఉడికి, ఇంకా తొందరగా అరుగుతాయి. నూకల జావ షుగర్ ఉన్నవాళ్లకు తగదు.

తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, దొరికితే మంచిదే. దాని గ్లైసీమిక్ సూచీ, అంటే తిన్నాక షుగర్‌ను ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె, 50కి కాస్త పైన ఉంటుంది, మామూలు సన్నాలకన్నా తక్కువ. కానీ బస్తా మీద "షుగర్ ఫ్రీ" అని రాసి అమ్మితే నమ్మకండి. షుగర్ లేని బియ్యం లేవు. ఈ బియ్యానికీ అదే కొలగిన్నె.

గంజి వార్చితే షుగర్ పోతుందా అని అడిగేవాళ్లు చాలామంది. కొంచెం పిండి పోతుంది, దానితోపాటు బీ విటమిన్లు కూడా పోతాయి. వార్చిన అన్నమని రెండు గిన్నెలు తింటే లాభం పోయినట్టే. రాత్రి అన్నం చల్లార్చి తెల్లారి తింటే షుగర్ కొద్దిగా తక్కువ పెరుగుతుంది, ఆ తేడా కూడా చిన్నదే. ఎండాకాలం బయట పెట్టిన సద్దన్నం పాడవుతుంది కాబట్టి ఫ్రిజ్ ఉంటేనే ఆ పని చేయండి.

4. జొన్న రొట్టె: సరైన బరువు, సరైన తీరు

పాలమూరులో చేతితో చరిచే రొట్టె పెద్దది. ఒక్కోదానికి 70–80 గ్రాముల పిండి పడుతుంది. 100 గ్రాముల జొన్నపిండిలో పిండిపదార్థం 68 గ్రాముల దాకా ఉంటుంది. అంటే పెద్ద రొట్టె ఒకటి తిన్నా 50 గ్రాములు. రాత్రి అలాంటివి మూడు తిని "అన్నం ముట్టుకోలేదు" అంటే రక్తం ఒప్పుకోదు.

జొన్నలో పీచు ఎక్కువ, నమలాలి, కడుపు నిండిన భావన తొందరగా వస్తుంది. ఆ మేలు కొలత పాటించినప్పుడే అందుతుంది.

కొలత: రొట్టెకు 40 గ్రాముల పిండి, ఆరు అంగుళాల వెడల్పు. పూటకు ఒకటి లేదా రెండు. రెండు రొట్టెలంటే 70 గ్రాముల పచ్చి బియ్యంతో సమానం. రొట్టె తిన్న పూట అన్నం వద్దు. "రొట్టె తర్వాత ఇంత పెరుగన్నం" అనే అలవాటు ఇక్కడే ఆగాలి. పెరుగు గిన్నెలో పోసుకుని తాగండి.

చేసే తీరు:

- పిండి ఎంత బరువుందో నీళ్లు దాదాపు అంతే. నీళ్లు తెర్లాలి, గోరువెచ్చని నీళ్లు చాలవు.
- పిండి పళ్లెంలో పోసి, నడుమ గుంట చేసి, తెర్లే నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కట్టెతో కలపండి. చేయి తాళేంత వేడి ఉండగానే అరచేతి మడమతో బాగా పిసకండి.
- మనిషికి గుప్పెడు సన్నగా తరిగిన మెంతికూర లేదా మునగాకు ఇప్పుడే కలపండి. పీచు పెరుగుతుంది, పిండి తక్కువైనా రొట్టె మందంగా వస్తుంది.
- ముద్ద చేసి, పొడి పిండి చల్లిన పీట మీద చరవండి. అంచులు పగిలితే తడి చేత్తో సరిచేయండి.
- బాగా కాలిన పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో అద్ది, తడి ఆరగానే తిప్పండి. నూనె అక్కర్లేదు.

రొట్టె పగులుతోందంటే కారణాలు రెండే. నీళ్లు సరిగా తెర్లలేదు, లేదా పిండి పాతది. జొన్నపిండి నిల్వ ఉన్నకొద్దీ జిగట పోతుంది. గిర్నీలో ఒకేసారి 10 కిలోలు పట్టించకుండా, పదిహేను రోజులకు సరిపడా పట్టించండి. పట్టించిన పిండిని సన్న జల్లెడ పట్టి పొట్టు తీసేయకండి. పిండి జిగట కోసం మైదా కలిపితే జొన్న తిన్న లాభం ఏమీ మిగలదు.

సజ్జ రొట్టెకూ ఇదే కొలత. రాగి సంగతి వేరు. మెత్తటి రాగిపిండి పలుచగా కాచిన అంబలి గ్లాసెడు తాగితే నమిలే పనే ఉండదు, షుగర్ గబగబా ఎక్కుతుంది. రాగి తినాలనుకుంటే రొట్టెగా తినండి. అంబలే కావాలంటే 20–25 గ్రాముల పిండితో చిక్కగా కాచి, మజ్జిగ, ఉల్లిగడ్డ కలిపి తాగండి, బెల్లం వేయకండి. జొన్న రవ్వతో చేసే గటక రవ్వ బరకగా ఉన్నంతవరకు ఫర్వాలేదు. మెత్తగా ఉడికించి జావ చేస్తే అదీ అంబలి లెక్కే.

5. కంచం నింపే తీరు

తొమ్మిది అంగుళాల కంచం తీసుకోండి. మన స్టీలు కంచాలు చాలావరకు పదకొండు, పన్నెండు అంగుళాలుంటాయి. అందులో కొలగిన్నెడు అన్నం పెడితే దిక్కులేనట్టు కనిపించి, చేయి మళ్లీ తపేలా మీదికి పోతుంది.

- సగం కంచం: కూరగాయలు, ఆకుకూరలు. పచ్చి తూకంలో పూటకు 200 గ్రాములు.
- పావు కంచం: గట్టిపప్పు, గుడ్డు, చేప, కోడికూర, గుడాల్లో (ఉడికించి పోపు పెట్టిన గింజలు) ఏదో ఒకటి.
- పావు కంచం: కొలగిన్నెడు అన్నం లేదా రొట్టె.
- పక్కన: చిన్న గిన్నెడు పెరుగు లేదా గ్లాసు పలుచటి మజ్జిగ.

ఇక తినే వరుస. ముందు కూర సగం, పప్పు కొంత ఉత్తగా తినండి. అన్నం చివర కలుపుకోండి. అదే భోజనం, అదే కొలత, వరుస మార్చినందుకే తిన్న తర్వాతి అంకె తగ్గుతుంది. ఉత్త కూర తినడం మొదటి వారం వింతగా ఉంటుంది. ఉప్పు, కారం తగ్గించి వండితే తినగలుగుతారు. మన కూరలు అన్నంలోకి కాబట్టి అంత ఘాటుగా చేస్తాం.

పచ్చిపులుసు గురించి విడిగా చెప్పాలి. చింతపండు రసం, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పోపు, అంతే. అందులో షుగర్ పెంచేదేమీ లేదు, బెల్లం వేయకపోతే. చిక్కు ఎక్కడంటే, పచ్చిపులుసు పోసుకుంటే అన్నం పెద్ద కుప్ప కూడా ఐదు నిమిషాల్లో మాయమవుతుంది, కంచంలో పప్పూ ఉండదు, కూరా ఉండదు. మానక్కర్లేదు. ముందు కూర, పప్పు తినేసి, చివరి నాలుగు బుక్కలకు పచ్చిపులుసు పోసుకోండి. ఉత్త మామిడికాయ తొక్కుతో, కారంపొడి-నూనెతో అన్నం తినే పూటలకూ ఇదే మందు.

6. పప్పు, గుడాలు, ఆకుకూరలు: పెంచాల్సినవి

నలుగురున్న ఇంట్లో గుప్పెడు కందిపప్పు వేసి తపేలాడు చారు చేస్తే మనిషికి పప్పు 10 గ్రాములు కూడా రాదు. మనిషికి పూటకు 30 గ్రాములు, నలుగురికి 120 గ్రాములు వేసి గట్టిగా వండండి. 30 గ్రాముల కందిపప్పు నుంచి మాంసకృత్తులు 6 గ్రాములకు పైగా వస్తాయి, ఒక కోడిగుడ్డుతో సమానం. పుంటికూర, గంగవాయిలి, చుక్కకూర, పాలకూర, తోటకూర ఏదైనా ఆ పప్పులోనే వేస్తే కూరగాయల వాటా కూడా అక్కడే తీరుతుంది.

గుడాలు ఈ ప్రాంతం వాళ్లకు తెలిసినవే, పండుగకో వానాకాలానికో పరిమితం చేశారు. షుగర్ ఉన్నవాళ్లకు పొద్దున టిఫిన్‌గా ఇంతకన్నా మంచిది వెతికినా దొరకదు.

- ఒకరికి 40 గ్రాముల బబ్బెర్లు, పెసర్లు, శనగలు లేదా ఉలవలు రాత్రి నానబెట్టండి. శనగలు, ఉలవలు 8 గంటలు నానాలి, పెసర్లకు 5 గంటలు చాలు.
- నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉప్పు వేసి ఉడికించండి. గింజ నొక్కితే మెదగాలి, చిదిమిపోకూడదు.
- చెంచా నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ పోపు పెట్టి కలపండి.
- పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మకాయ పిండి తినండి.

సంక్రాంతి రోజుల్లో పచ్చి అనపగింజలు దొరికితే వాటినీ ఇట్లాగే చేయండి. కడుపు ఉబ్బరం వస్తే వారం రోజులు 20 గ్రాములతో మొదలుపెట్టండి.

ఇడ్లీ కావాలంటే రెండు లేదా మూడు, గిన్నెడు సాంబారుతో. పెసరట్టు ఇడ్లీకన్నా మేలు. బొంబాయి రవ్వ ఉప్మా చేస్తే రవ్వ ఎంత పోస్తారో కూరగాయల ముక్కలు అంతకంతా వేయండి. పూరీ, బోండా గురించి మీకే తెలుసు.

అంగడి వారానికోసారి కాబట్టి ఆకుకూర నాలుగో రోజుకు వాడిపోయి మళ్లీ పచ్చడి మెతుకులే గతి అవుతుంది. ఒక మనిషికి రెండు పూటలకు వారానికి 2.8 కిలోలు కావాలి. కొనేటప్పుడే వరుస పెట్టుకోండి. మొదటి రెండు రోజులు ఆకుకూరలు. తర్వాత బెండ, బీర, గోకరకాయ, చిక్కుడు. చివరికి సొరకాయ, క్యాబేజీ, ములక్కాడలు.

ఆలుగడ్డ, చామగడ్డ, మొరంగడ్డ, మక్కజొన్న కంకి కూరగాయల లెక్కలోకి రావు. అవి అన్నం లెక్క. కంకి తిన్న సాయంత్రం రొట్టె ఒకటి తగ్గించండి.

7. చాయ, బెల్లం, పండ్లు

రోజుకు నాలుగు చాయలు, చాయకు రెండు చెంచాల చక్కెర అంటే ఎనిమిది చెంచాలు, 32 నుంచి 40 గ్రాములు. ఒక కొలగిన్నెడు అన్నంతో సమానమైన పిండిపదార్థం చాయ పేరిట లోపలికి పోతోంది. ఒక్కసారి మానలేకపోతే వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుగు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. బెల్లం చాయ, తేనె నిమ్మరసం చక్కెర కిందే లెక్క, రంగే తేడా. "డయాబెటిక్" అని రాసిన బిస్కెట్లు చాలావరకు మైదావే, పాకెట్ వెనక చదవండి.

పండ్లు భోజనంతో కలిపి కాకుండా రెండు భోజనాల నడుమ తినండి.

- నల్లగొండ బత్తాయి: ఒకటి, తొనలుగా. రసం తీస్తే మూడు కాయలు ఒక గ్లాసులోకి పోతాయి, పీచు పిప్పిలోనే ఉండిపోతుంది.
- జామ: ఒకటి, దోరది.
- సీతాఫలం: చిన్నదైతే సగం. గుజ్జులో తీపి గట్టిగా ఉంటుంది, పాలమూరు సీతాఫలం అని కాయ మీద కాయ వలిస్తే అంతే సంగతులు.
- కొల్లాపూర్ మామిడి: నాలుగైదు ముక్కలు, ఆ రోజు అన్నం పావు గిన్నె తగ్గించి.
- తాటి ముంజలు, నేరేడు పండ్లు: గుప్పెడు, నిశ్చింతగా.

పల్లీలు షుగర్‌ను అంతగా పెంచవు, బరువును మాత్రం పెంచుతాయి. రోజుకు 30 గ్రాములు హద్దు. నూనె మనిషికి నెలకు అర లీటరు, ఉప్పు రోజుకు చెంచాడు. ఆ చెంచాలోనే తొక్కులో ఉప్పు కూడా.

8. మార్చే వరుస: నాలుగు వారాలు

అన్నీ ఒకేసారి మార్చినవాళ్లు పదో రోజుకు మళ్లీ పాత కంచం దగ్గరికే వస్తారు.

- మొదటి వారం: చాయలో చక్కెర తగ్గించడం మొదలు, కూల్‌డ్రింకులు, బిస్కెట్లు బంద్. అన్నం జోలికి పోవద్దు.
- రెండో వారం: కూర రెట్టింపు, పప్పు గట్టిది, తినే వరుస మార్పు.
- మూడో వారం: అన్నం మూడు గిన్నెల నుంచి రెండుకు. రాత్రి భోజనం పడుకునే వేళకు రెండున్నర గంటల ముందుకు.
- నాలుగో వారం: రెండు గిన్నెల నుంచి ఒకటిన్నరకు, తర్వాత ఒకటికి. గోలీ మార్పు గురించి డాక్టర్‌కు మీటర్ అంకెలు చూపించండి.

ప్రతి వారం ఒక భోజనానికి జంట పరీక్ష. తేడా 60 దాటితే ఆ భోజనంలో అన్నం లేదా రొట్టె పావు వంతు తగ్గించి మళ్లీ చూడండి. కొలత సరిగ్గానే ఉన్నా తేడా తగ్గకపోతే తిన్న వెంటనే పది, పదిహేను నిమిషాలు నడవండి. వాకిట్లో నడిచినా పనిచేస్తుంది. అప్పటికీ 180 దిగకపోతే అది తిండితో తీరేది కాదు, మందు మారాలి.

9. పొలం పని రోజులు, కల్లు

నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పొద్దుగాల ఆరింటికే బయల్దేరతారు. గోలీ వేసుకుని, ఏమీ తినకుండా పోయి, పదకొండింటికి సద్ది విప్పితే ఈలోపే షుగర్ పడిపోతుంది. గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లు గోలీతోపాటే ఒక రొట్టె, కూర తినాలి. తినలేకపోతే ఆ గోలీ సద్ది తినే వేళకు జరపొచ్చా అని డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. కొంగులోనో జేబులోనో గ్లూకోజ్ పొడి పొట్లం ఉండాల్సిందే.

కల్లు మీద చాలామందికి ఉన్న నమ్మకం, తాజా ఈత కల్లు ఒంటికి చలువ, షుగర్‌ను ఏమీ చేయదని. దించిన వెంటనే అందులో చక్కెర ఉంటుంది, పులిసిన కొద్దీ అది మద్యమవుతుంది. మొదటిది షుగర్‌ను పెంచుతుంది, రెండోది గోలీలతో కలిసి అర్ధరాత్రి పడగొడుతుంది. మానలేనివాళ్లు ఖాళీ కడుపున మాత్రం తాగొద్దు, ఆ రాత్రి భోజనం ఎగ్గొట్టొద్దు. షుగర్ పడి తూలుతున్న మనిషిని "తాగి పడ్డడు" అని వదిలేయడం ఊళ్లలో జరిగే తప్పు. మీటర్‌తో చూడండి.

10. పండుగలు, దావత్‌లు, ఉపవాసాలు

దావత్‌కు ఆకలితో పోవద్దు. ఇంట్లో గిన్నెడు మజ్జిగ, కీరదోసకాయ ముక్కలు తిని పోండి. బగారన్నం ఒక్కసారే, చిన్న గరిటెతో రెండు గరిటెలు. కోడికూర, మటన్ ముక్కలు తినండి, పైన తేలే నూనె పోసుకోకండి. డబల్ కా మీఠా పూర్తిగా మానలేకపోతే రెండు చెంచాలు, అంతే అన్నం తగ్గించి.

హోలీకి, ఉగాదికి పోలె తింటే ఆ పూట అదే మీ అన్నం. పూర్ణంలో బెల్లం తగ్గించి శనగపప్పు పెంచి చేయమని ఇంట్లో చెప్పొచ్చు. సకినాలు బియ్యప్పిండీ నూనే, రెండు తిని డబ్బా మూయండి. బతుకమ్మ సద్దుల్లో పెరుగు సద్ది, పులిహోర అన్నీ బియ్యమే, అన్నీ కలిపి ఒక కొలగిన్నె. నువ్వుల పొడి, పల్లిపొడి సద్దుల్లో బెల్లమో చక్కెరో కలుస్తుంది, చెంచాడు రుచి చూస్తే చాలు. మలీద కూడా అంతే.

శనివారం ఒక్కపొద్దు, శివరాత్రి జాగారం, రంజాన్ రోజా పాటించేవాళ్లు గోలీల వేళలు సొంతంగా మార్చొద్దు. రోజాలకు నెల ముందే డాక్టర్‌ను కలవండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడుతూ నీళ్లు కూడా తాగకుండా రోజంతా ఉంటే ఒంట్లో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ వాడేవాళ్లు ఉపవాసం జోలికి పోకపోవడమే మంచిదని మా మాట.

11. షుగర్ పడిపోతే చేయాల్సింది

చెమట, వణుకు, గుండె దడ, మాట తడబడటం కనిపిస్తే మీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే, లేదా మీటర్ దగ్గర లేకపోతే:

- మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి.
- 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వండి.
- దాటాక ఒక రొట్టె లేదా గిన్నెడు పెరుగన్నం పెట్టండి. కొలత దాటుతుందని ఆపొద్దు.
- వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు చక్కెర తొందరగా పనిచేయదు. వాళ్లకు గ్లూకోజ్ పొడే ఇవ్వాలి.
- స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇవి కనిపిస్తే కూడా ఆగకుండా దవాఖానకు పోవాలి: రెండు రోజులు వరసగా 300 పైన అంకెలు, వాంతులు ఆగకపోవడం, ఊపిరి వేగంగా ఆడటం, కాలి పుండు నల్లబడటం. కాకర రసం, మెంతుల నీళ్లు మొదలుపెట్టామని గోలీలు ఆపేసి వచ్చినవాళ్లు ఆ సంగతి డాక్టర్ దగ్గర దాచకూడదు. ఎన్ని రోజుల నుంచి ఆపారో చెబితేనే మందు మోతాదు సరిగ్గా పడుతుంది.